‘కారణం’ అనే గడిలో ఏం రాస్తున్నాం? యంత్ర ప్రమాదాలు, గాయపడినవారి హక్కులు

సభకు నమస్కారం.

యంత్ర ప్రమాదాల గురించి, గాయపడిన కార్మికుల హక్కుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ రెండింటినీ వేరువేరు విషయాలుగా చూడటం మనకు అలవాటైపోయింది. ప్రమాదం ఇంజనీర్ల వ్యవహారమనీ, హక్కు వకీళ్ల వ్యవహారమనీ అనుకుంటాం. నేను ఇరవై ఏళ్లకు పైగా కార్ఖానాల్లో మెయింటెనెన్స్ విభాగంలో పనిచేశాను. ఆ తరువాత, గాయపడినవారి కేసుల్లో యంత్రం ఎలా పనిచేస్తుందో వివరించడానికి వెళుతూ వస్తున్నాను. ఈ అనుభవంలో నాకు అర్థమైనదేమిటంటే, ఆ రెండు విషయాలూ కలిసే చోటు ఒకటుంది. అది ప్రమాదాల రిజిస్టరులో ‘కారణం’ అనే గడి. ఆ గడిలో ఆ రోజు ఏ మాట పడుతుందో దాన్ని బట్టే రేపు ఆ యంత్రం ఎలా నడుస్తుందో, ఆ మనిషి ఇల్లు ఎలా నడుస్తుందో తేలుతుంది.

ఆ గడిలో నేను ఒకసారి ‘ఆపరేటరు అజాగ్రత్త’ అని రాశాను. అక్కడి నుంచే మొదలుపెడతాను.

అది రేకు ముక్కలను అచ్చులో నొక్కి వంచే పవర్ ప్రెస్సు. ముక్కను డై (కింది అచ్చు) మీద పెట్టి, రెండు పక్కలా ఉన్న రెండు బటన్లను రెండు చేతులతో నొక్కితే పైనున్న దిమ్మ కిందికి దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీద ఉంటే డై మీద చెయ్యి ఉండే వీలు లేదు కదా, ఆ ఏర్పాటు అందుకే. ఒక రాత్రి షిఫ్టు చివరి గంటలో ఆ ప్రెస్సు కింద ఒక కుర్రవాడి కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. అతన్ని ఆసుపత్రికి పంపించాక నేను యంత్రం దగ్గరికి వెళ్లి చూస్తే కుడివైపు బటను లోపలికి నొక్కుకుపోయి ఉంది. దాని పక్క సందులో సన్నగా చెక్కిన వెదురు పుల్ల ఒకటి దూర్చి ఉంది. ఆ పుల్ల నునుపు తేలి, నూనె పట్టి నల్లబడి ఉంది. అంటే అది ఆ రాత్రి పెట్టిన పుల్ల కాదు, ఎన్నో షిఫ్టుల చేతులు తగిలిన పుల్ల. నేను దాన్ని లాగి జేబులో వేసుకున్నాను. రెండు బటన్లూ పనిచేస్తున్నాయని పరీక్షించాను. తరువాత రిజిస్టరు తెచ్చి ఆ రెండు మాటలు రాసి సంతకం పెట్టాను. అబద్ధం రాస్తున్నానని ఆ క్షణంలో నాకు అనిపించలేదు. ఇన్నేళ్లుగా నన్ను కలవరపెడుతున్నది అదే.

ఆ పుల్లను అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. ఒక చెయ్యి ఖాళీ అయితే ముక్కకు ఒకటి రెండు సెకన్లు కలిసివస్తాయి, కూలి ముక్కల లెక్కన ఇస్తున్నప్పుడు ఆ సెకన్లే కూలి. షిఫ్టుకు ఇన్ని ముక్కలు తీయాలని బోర్డు మీద రాసిన సంఖ్య రెండు చేతులతో నొక్కితే వచ్చే సంఖ్యేనా అని ఎవరూ లెక్క వేయలేదు. నాతో సహా సూపర్‌వైజర్లందరం రోజూ ఆ యంత్రం పక్కనుంచే నడిచాం. వీటన్నిటికన్నా ముఖ్యమైనది సర్క్యూటు. రెండు చేతుల బటన్ల ఏర్పాటు సరిగా ఉండాలంటే, రెండు బటన్లూ అర సెకను తేడాలోపే నొక్కితే గానీ దిమ్మ కదలకూడదు. ఒక స్ట్రోకు అయ్యాక రెండింటినీ వదిలి మళ్లీ నొక్కితే గానీ రెండో స్ట్రోకు రాకూడదు. అలాంటి సర్క్యూటుంటే ఒక బటనుకు పుల్ల దూర్చిన మరుక్షణం యంత్రం మొరాయిస్తుంది, ఆ పుల్ల ఎందుకూ కొరగాదు. మా ప్రెస్సులో ఆ సర్క్యూటు లేదు. లేదని నాకు తెలుసు. అయినా ఆ గడిలో నేను రాసింది ఆ కుర్రవాడి గురించి.

‘కొంచెం చూసుకుని ఉండాల్సింది’ అని ప్రమాదం జరిగిన ప్రతిచోటా వినపడుతుంది. దీనికి నేను లెక్కతో జవాబు చెప్పదలచుకున్నాను. ఎదురెదురుగా తిరిగే రెండు రోలర్ల అంచు వేగం సెకనుకు 1 మీటరు అనుకుందాం. అది మనిషి నెమ్మదిగా నడిచే వేగం, యంత్రాల్లో అది పెద్ద వేగమే కాదు. వేలి కొస చిక్కిందని మెదడుకు తెలిసి, చెయ్యి వెనక్కి లాగడం మొదలుపెట్టడానికి సుమారు పావు సెకను పడుతుంది. ఆ పావు సెకనులో రోలరు 25 సెంటీమీటర్లు తిరుగుతుంది, అంటే చెయ్యి మణికట్టు దాటి లోపలికి వెళ్లాక గానీ మనిషి లాగడం మొదలుపెట్టలేడు. ఎంత చురుకైనవాడైనా, ఎంత అనుభవమున్నవాడైనా ఈ పావు సెకనును తగ్గించుకోలేడు. చేతికి తొడుగు ఉంటే ఇంకా కష్టం, ఎందుకంటే చర్మం జారిపోయే చోట తొడుగు పట్టుకుంటుంది. తిరిగే డ్రిల్లు దగ్గర, రోలర్ల దగ్గర తొడుగులు వేసుకోవద్దనేది అందుకే. వదులు చొక్కా చేతులు, కండువా, జడ, ఉంగరం విషయంలోనూ ఇంతే.

అందుకే భద్రత తెలిసినవారు మనిషి చురుకుదనం మీద ఆధారపడరు, దూరం మీద ఆధారపడతారు. చెయ్యి సెకనుకు 2 మీటర్ల వేగంతో కదులుతుందని లెక్క కట్టి, కాంతి తెరకు, అంటే చెయ్యి అడ్డొస్తే యంత్రాన్ని ఆపేసే కాంతి కిరణాల వరుసకు, అడ్డు తగిలాక యంత్రం పూర్తిగా ఆగడానికి 0.2 సెకను పడితే ఆ తెరను ప్రమాద స్థానానికి కనీసం 40 సెంటీమీటర్ల ఎడంగా పెట్టాలంటారు. పాత రకం క్లచ్ ఉన్న ప్రెస్సులకు ఆ తెర పనికే రాదు, ఎందుకంటే ఒకసారి క్లచ్ పట్టుకుంటే ఆ ప్రెస్సు చుట్టు పూర్తయ్యేదాకా మధ్యలో ఆగదు. దానికి చెయ్యి దూరని గార్డు, అంటే యంత్రానికి బిగించే రక్షణ కంచె, ఒక్కటే గతి. ప్రమాదాన్ని మూలంలోనే తీసేయడం, కుదరకపోతే కంచె వేయడం, కంచె తెరిస్తే యంత్రం ఆగిపోయేలా చేయడం, ఇవన్నీ చేశాక మిగిలినదానికి శిక్షణ, హెచ్చరిక, తొడుగులు అనేది సరైన వరుస. ‘భద్రతే ప్రథమం’ అని గోడ మీద రాసి, గార్డును గోడకు ఆనించి పెట్టిన చోట ఆ వరుస తలకిందులైంది.

ఇంకో సంగతి. చేతులు పోయేది యంత్రం ఉత్పత్తి చేస్తున్నప్పుడే అనుకుంటాం గానీ, ఘోరమైన గాయాల్లో చాలా భాగం జామ్ తీసేటప్పుడు, శుభ్రం చేసేటప్పుడు, బెల్టు సరిచేసేటప్పుడు జరుగుతాయి. ‘స్విచ్ ఆపాను’ అన్నది చాలదు. ఆపినవాడు యంత్రం లోపల వంగి ఉంటాడు, అవతలి చివర ఉన్నవాడికి అతను కనపడడు, యంత్రం ఎందుకాగిందోనని స్విచ్ వేస్తాడు. దీనికి మందు తాళం. లోపలికి వెళ్లే ప్రతి మనిషీ మెయిన్ స్విచ్‌కు తన తాళం తాను వేసుకుని తాళంచెవి తన జేబులోనే పెట్టుకోవాలి. ముగ్గురు వెళితే మూడు తాళాలు పడాలి. తాళం వేశాక స్టార్ట్ బటను నొక్కి, కదలదని చూసుకోవాలి. ఆపైన పైకెత్తి ఉన్న దిమ్మకు కింద ఆనింపు పెట్టాలి, గొట్టాల్లో గాలినీ నూనె ఒత్తిడినీ వదిలేయాలి, ఎందుకంటే కరెంటు పోయినా బరువుకు, స్ప్రింగుకు, ఒత్తిడికి బలం పోదు. అమెరికా 1989లో ఈ తాళం పద్ధతిని నిబంధనగా తెచ్చింది. ఆ తాళం ఖరీదు ఏ యంత్రం ఖరీదులోనూ లెక్కలోకి రానంత చిన్నది. అయినా తాళాల పెట్టె లేని కార్ఖానాలు నేను ఎన్నో చూశాను.

గాయమైన మొదటి గంట గురించి రెండు మాటలు చెప్పి హక్కుల్లోకి వెళతాను. తెగిన వేలిని నేరుగా మంచులో పెట్టకూడదు. శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, నీరు చొరబడని సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని మంచు కలిపిన నీళ్లలో ఉంచాలి. వేలికి కొన్ని గంటల వ్యవధి ఉంటుంది, కండ ఎక్కువగా ఉండే ముంజెయ్యి లాంటి భాగమైతే చల్లగా ఉంచకపోతే సుమారు 6 గంటలే. హైడ్రాలిక్ గొట్టం సూదిమొనంత చిల్లు పడి నూనె చర్మంలోకి దూరితే, పైకి చిన్న చుక్కే కనపడుతుంది, నొప్పి కూడా మొదట అంతగా ఉండదు. దాన్ని కట్టుకట్టి పనిలోకి పంపితే చెయ్యి పోవచ్చు. అది వెంటనే శస్త్రచికిత్స చేయాల్సిన గాయం.

ఆసుపత్రిలో అడిగే మొదటి ప్రశ్న ‘ఎలా తగిలింది?’ అని. గాయపడినవాడు నొప్పితో మాట్లాడలేని స్థితిలో ఉంటాడు కాబట్టి వెంట వచ్చిన మనిషి జవాబు చెబుతాడు. ‘మెట్ల మీద జారిపడ్డాడు’ అనో ‘ఇంటి దగ్గర తలుపు సందులో పడింది’ అనో అతను చెప్పిన మాట ఆసుపత్రి పుస్తకంలోకి ఎక్కుతుంది. తరువాత ఎన్ని నెలలు తిరిగినా ఆ వాక్యాన్ని చెరపడం కష్టం. తోటి పనివారు ఎవరైనా ఒకరు కచ్చితంగా వెంట వెళ్లాలి, ఏ యంత్రం దగ్గర, ఏ సమయానికి, ఏ పని చేస్తుండగా గాయమైందో వైద్యుడికి వారే చెప్పాలి. ఇది నేను బతిమాలి చెబుతున్న మాట.

ఇప్పుడు ‘అజాగ్రత్త’ అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం, ఎందుకంటే దానికి పెద్ద చరిత్రే ఉంది. 1830లలో ఇంగ్లండులో ఒక మాంసం వ్యాపారి దగ్గర పనిచేసే అబ్బాయి, మోయలేనంత సరుకెత్తిన బండి విరిగి పడి, తొడ ఎముక విరిగి యజమాని మీద దావా వేశాడు. జ్యూరీ అతనికి పరిహారం ఇవ్వాలంది. 1837లో పై న్యాయస్థానం కాదంది. తోటి పనివాడి పొరపాటు వల్ల తగిలిన గాయానికి యజమాని బాధ్యుడు కాడనే సూత్రం ఆ తీర్పు నుంచే పెరిగింది. 1842లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో, పట్టాలు మార్చే స్విచ్‌మన్ పొరపాటు వల్ల బండి పట్టాలు తప్పి కుడిచెయ్యి పోగొట్టుకున్న రైలింజను డ్రైవరు దావాలోనూ అదే తీర్పు వచ్చింది. ఆ పనిలో ప్రమాదముందని తెలిసే చేరాడు, దానికి తగ్గ జీతం తీసుకున్నాడు అన్నారు. వీటికి మూడోది తోడైంది, కార్మికుడి వైపు ఏ కొంచెం పొరపాటున్నా మొత్తం పరిహారం పోతుందన్నది. ‘తోటివాడి తప్పు, తెలిసే చేరావు, నీదీ తప్పే’ అనే ఈ మూడు తలుపులూ మూసుకున్నాక గాయపడినవాడికి మిగిలింది దయాధర్మం మాత్రమే.

ఆ తలుపులను పక్కన పెట్టి కొత్త దారి తెరిచింది 1884లో జర్మనీ చేసిన ప్రమాద బీమా చట్టం. తప్పు ఎవరిదని అడగకుండా, యజమానులందరూ కలిసి కట్టే నిధి నుంచి గాయపడినవారికి పరిహారం ఇవ్వాలని ఆ చట్టం అంది. బ్రిటన్ 1897లోనూ, అమెరికా రాష్ట్రాలు ప్రధానంగా 1911 నుంచీ ఆ దారిలోకి వచ్చాయి. భారతదేశంలో 1923లో కార్మికుల నష్టపరిహార చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1925లో దీనిమీద ఒక ఒడంబడిక చేసింది. ఈ చట్టాలన్నిటిలోనూ ఉన్న బేరం ఒకటే. కార్మికుడు యజమాని తప్పును నిరూపించనక్కరలేదు, యజమాని కార్మికుడి పొరపాటును చూపించి తప్పించుకోలేడు. పని వల్ల, పని జరుగుతుండగా గాయమైందా అన్నదే ప్రశ్న. పరధ్యానం, అలసట, తొందరపాటు, ఏమరుపాటు, ఇవేవీ ఈ హక్కును తీసేయవు.

మినహాయింపులు లేకపోలేదు. తాగి ఉండటం, భద్రత కోసం పెట్టిన నియమాన్ని తెలిసి ధిక్కరించడం, గార్డును కావాలని తీసేయడం వంటివి చాలా చట్టాల్లో ఉన్నాయి. భారతదేశపు 1923 చట్టంలోనూ ఉండేవి, కాని అక్కడ మరణం గానీ శాశ్వత సంపూర్ణ వైకల్యం గానీ కలిగినప్పుడు అవి వర్తించేవి కావు. ఇక్కడ చూడవలసిన తేడా చాలా సున్నితమైనది. ‘అజాగ్రత్త’ వేరు, ‘కావాలని’ వేరు. నెలల తరబడి అందరి కళ్లముందూ ఉన్న పుల్లను, యాజమాన్యం చూసీ చూడనట్టు వదిలేసిన పుల్లను, ఒక్క కార్మికుడి ధిక్కారం అనడానికి వీల్లేదు. గార్డు తీసేసి పనిచేయడమే ఆ షాపులో రోజువారీ పద్ధతి అయినప్పుడు అది ఆ కార్ఖానా నియమం అన్నట్టే లెక్క.

నేను చెప్పాలని వచ్చింది ఇదే. వందేళ్లకు పైగా చట్టంలో విలువలేని ఒక మాటతో మనం ఇప్పటికీ మనుషులను ఓడిస్తున్నాం. అజాగ్రత్త అనే మాట కోర్టులో పనిచేయకపోవచ్చు. కాని ఆసుపత్రి మంచం దగ్గర పనిచేస్తుంది, భార్యాపిల్లల ముందు పనిచేస్తుంది, గాయపడినవాడి మనసులో పనిచేస్తుంది. ‘నాదే తప్పు, ఏ మొహం పెట్టుకుని అడగను?’ అని అతనితో అనిపిస్తుంది. ఆ కుర్రవాడి విషయంలో జరిగింది అదే. యాజమాన్యం తరఫు వకీలు నా రాతను అతని తల్లిదండ్రులకు చదివి వినిపించాడట. ఆ రాతకు పరిహారాన్ని ఆపే శక్తి లేదని వారికి చెప్పినవారు లేరు. నాకు సంగతి తెలిసేసరికి, చాలా తక్కువ మొత్తానికి ఒప్పుకున్న రాజీ కాగితం మీద అతని ఎడమచేతి బొటనవేలి ముద్ర పడిపోయింది.

పరిహారం లెక్క కట్టేటప్పుడు జరిగే అన్యాయం ఇంకొకటుంది. చట్టాల పట్టికలు శరీరాన్ని శాతాలుగా విడగొడతాయి. ఉదాహరణకు భారతీయ పట్టికలో బొటనవేలు పోతే 30 శాతం, ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50 శాతం సంపాదనాశక్తి పోయినట్టు. ఈ పట్టిక కనీసపు హామీగా మంచిదే. కాని మనిషి బతికేది శరీరం శాతంతో కాదు, చేతిలో ఉన్న పనితో. ఎడమచెయ్యి మోచేతి పైకి తీసేయాల్సి వచ్చిన ఒక వడ్రంగి కేసులో, పోయింది ఒక చెయ్యే అయినా ఒంటిచేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అది అతనికి సంపూర్ణ వైకల్యమేనని భారత సుప్రీంకోర్టు 1975లో తేల్చింది. కుట్టుపనివాడికి చూపుడువేలు ఏమిటో, వెల్డరుకు ఒక కన్ను ఏమిటో వైద్యుడి ధ్రువపత్రంలో రాయించుకోవాలి. ‘ఇంత శాతం’ అన్న అంకె ఒక్కటే రాసిన పత్రం ఆ మనిషి పని గురించి ఏమీ చెప్పదు.

మిగతా హక్కులు క్లుప్తంగా చెబుతాను. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1963 ఒడంబడిక ప్రమాదకర భాగాలకు గార్డు లేని యంత్రాన్ని అమ్మడాన్ని, అద్దెకివ్వడాన్నే నిషేధించమంటుంది. గార్డు లేకుండా పనిచేయమని ఏ కార్మికుడినీ అడగకూడదంటుంది. 1964 ఒడంబడిక చికిత్సకు తోడు, పనిచేయలేని కాలానికి సంపాదనలో కనీసం 60 శాతం చొప్పున భృతి ఉండాలంటుంది. 1981 ఒడంబడిక ప్రకారం, ప్రాణానికి తక్షణమే ముప్పు ఉందని సహేతుకంగా నమ్మి పని ఆపి పక్కకు వచ్చిన కార్మికుడిని శిక్షించకూడదు, భద్రత ఏర్పాట్ల ఖర్చును కార్మికుల మీద వేయకూడదు. సురక్షితమైన పనిచోటు 2022 జూన్ నుంచి పనిలో మౌలిక హక్కుల జాబితాలో చేరింది. ఒడంబడికను ఒక దేశం ఒప్పుకుంటే గానీ అది ఆ దేశాన్ని కట్టిపడేయదు, కాబట్టి మీ దేశపు చట్టంలో ఈ మాటలు ఏ రూపంలో ఉన్నాయో, దరఖాస్తుకు గడువు ఎంతో, మొదటి వారంలోనే కనుక్కోవాలి. గడువు దాటి హక్కు పోగొట్టుకున్నవారిని చూడటం నాకు అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది.

‘వాడు మా మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి’ అనే జవాబు చాలాచోట్ల వస్తుంది. ఇలా తప్పించుకుంటారని ముందే ఊహించి, అసలు పని ఎవరి కోసం జరుగుతోందో ఆ యజమాని మొదట పరిహారం చెల్లించి, తరువాత కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవాలని 1923 చట్టమే రాసింది. కాగితం మీద పేరు లేనివారు భయపడనవసరం లేదు గానీ సాక్ష్యం మాత్రం కూడబెట్టుకోవాలి. కూలి డబ్బు పడిన మెసేజీ, గేటు దగ్గర సంతకం, యూనిఫారం, పక్కనే పనిచేసినవారి మాట, ఇవన్నీ సాక్ష్యాలే. యంత్రాన్ని మరమ్మతు చేయకముందే ఫొటో తీయాలి, ఎందుకంటే తెల్లారేసరికి గార్డు దాని స్థానంలో దానికదే వచ్చి కూర్చుంటుంది. ఖాళీ కాగితం మీద, చదవని కాగితం మీద, మందుల మత్తులో ఉన్నప్పుడు ఏ కాగితం మీదా సంతకం గానీ వేలిముద్ర గానీ పెట్టకూడదు.

ప్రపంచంలో ఏటా పని ప్రమాదాల్లో సుమారు 3 లక్షల 30 వేల మంది చనిపోతున్నారనీ, 39 కోట్ల 50 లక్షల మంది ప్రాణాపాయం లేని గాయాల పాలవుతున్నారనీ అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో ప్రకటించిన అంచనా. వాటిలో ఎన్నిటికి ఎక్కడో ఒక రిజిస్టరులో ఒక గడి నిండిందో, అందులో ఏ మాట పడిందో ఆలోచించండి. ఆ రాత్రి రిజిస్టరు మళ్లీ నా ముందుకు వస్తే నేను రాసేది ఇది: ‘కుడి బటను వెదురు పుల్లతో బిగించి ఉంది. పుల్ల పాతది. ఒక బటను బిగించినా యంత్రం నడిచేలా సర్క్యూటు ఉంది. ఈ లోపం మెయింటెనెన్స్‌కు ముందే తెలుసు. షిఫ్టు లక్ష్యం రెండు చేతుల పద్ధతిలో అందేది కాదు. సర్క్యూటు మార్చేదాకా ప్రెస్సు నడపరాదు.’ ఇందులో ఎవరినీ తిట్టిన మాట లేదు. చూసింది చూసినట్టు ఉంది, అంతే. రిజిస్టరు రాసే పనిలో ఉన్న సూపర్‌వైజర్లు ఈ సభలో కొందరున్నారని తెలుసు. చూసింది చూసినట్టు రాయమనే మిమ్మల్ని అడుగుతున్నాను.

నా మాట ఇక్కడితో ఆపి మీ ప్రశ్నలు తీసుకుంటాను. కేసు కాగితాలు వెంట తెచ్చుకున్నవారు కొందరు వెనక వరుసల్లో కనపడుతున్నారు. సభ అయ్యాక ముందుకు రండి. ప్రమాద రిపోర్టు ప్రతి ఉంటే అన్నిటికన్నా ముందు దాన్ని తీయండి, ‘కారణం’ అని ఉన్న గడి దగ్గర మొదలుపెడదాం.